పడమటి హద్దు అలక

పెళ్లయిన నలభై ఒకటో రోజు పొద్దున్న కాఫీ గ్లాసు నా చేతికిస్తూ మా అత్తగారు మంగతాయారు గారు, "ఇదిగో యామినీ, ఇంకో పన్నెండు రోజుల్లో ఆషాఢం. బట్టలు సర్దుకుంటావా మరి?" అన్నారు.

ఆషాఢమాసంలో కొత్త కోడలు అత్తగారితో కలిసి ఒకే గడప దాటకూడదట. అందుకని పుట్టింటికి పంపేస్తారు. ముప్పై రోజులు. ముప్పై రోజులంటే ఎంతో నాకు తెలుసు, లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. కానీ అప్పటికి నేను మా ఆయన భార్గవ తల దువ్వుకోవడమే తనివితీరా చూడలేదు. పాపిడి ఎడమవైపు మొదలుపెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కుడివైపు తీస్తాడు. రోజూ అంతే. ఏం గుర్తొస్తుందో ఇంకా కనిపెట్టాల్సి ఉంది. ఈ పరిశోధన మధ్యలో వదిలి నెల్లాళ్లు ఎలా పోతాను?

"గడప ఒకటే అయితేనే కదత్తయ్యా దోషం. వేరు గడపైతే?" అన్నాను.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, నవ్వు దాచుకుని, పంతులుగారికి ఫోన్ చేశారు. సొంత గడప ఉన్నవాళ్లు సొంత గడప దాటుకోవచ్చనీ, దానికి శాస్త్రం అడ్డురాదనీ తేలింది.

ఆ గడప పక్కనే ఉంది. మా ఇంటికి తూర్పున పోలయ్యగారి రెండు గదుల ఇల్లు అమ్మకానికొస్తే, పెళ్లికి ముందే భార్గవ బేరం కుదుర్చుకున్నాడు. ఆ ఇంటి వంటగది కిటికీ గూట్లో సరిగ్గా రెండు జాడీలు పడతాయి. ఒకదాంట్లో ఉప్పు. రెండోదాంట్లో ఏం పోయాలో తేలక మేమిద్దరం రెండు సాయంత్రాలు చర్చించుకున్నాం. మిగిలింది రిజిస్ట్రేషన్ ఒక్కటే. అది ఒక పూట పనని అందరూ అన్నారు.

అందరూ అన్నది పాత పద్ధతి సంగతి. ఎక్కడో ఎవరో పెద్దమనిషి కాలవగట్టును ఇళ్లస్థలాలుగా ముక్కలు చేసి అమ్మేశాడట. కొన్నవాళ్లు ఇళ్లు కట్టుకుందామని వెళ్తే మోకాళ్ల లోతు నీళ్లు. దాంతో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ స్థలం అమ్మినా దాని దస్తావేజుల గొలుసును మూలపత్రం దాకా తవ్వి తీయాలి. గొలుసులోని అన్ని పత్రాల్లోనూ హద్దులు ఒక్కటిగా ఉండాలి. ఆ హద్దులు నేలమీద కూడా ఉండాలి. పథకం పేరు 'చతుస్సీమా సంపూర్ణ ఏకీభావం'.

"మీకేం భయం లేదండమ్మా," అన్నాడు దస్తావేజులు రాసే పేర్రాజు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అరుగుమీద తన బల్ల దుమ్ము దులుపుతూ. నాలుగు పాత పత్రాల నకళ్లు మా ముందు పరిచాడు. "రెండువేల తొమ్మిదిది నేను రాసేనండి. ఎనభై ఏడుది మా నాన్నగోరు. అరవై ఒకటిది మా తాతగోరు. ముప్పై నాలుగుది మూలపత్రం, అది మా ముత్తాతగోరు. నాలుగింట్లోనూ హద్దులు అక్షరం పొల్లు పోలేదు. ఆయ్!"

"అన్నేళ్లలో హద్దులు ఏమీ మారలేదా పేర్రాజు గారూ?" అన్నాను ఆశ్చర్యపోయి.

"మారేయో లేదో మాకేం తెలుసండి? ముందు పత్రం చూసి ఎత్తి రాత్తాం. స్థలం మొహం చూత్తే చెయ్యి తడబడుద్దని మా ముత్తాతగోరు చెప్పేవోరంట. మా వంశంలో ఎవరూ చూళ్లేదు."

భార్గవ పైకి చదివాడు. తూర్పు: చిట్టబ్బాయి గేదెను కట్టు గుంజ. దక్షిణం: ఆడువారు నీళ్లకు పోవు దారి. ఉత్తరం: తగవులో నున్న గోడ. పడమర: ప్రస్తుతం అలిగి పుట్టింట నున్న సూరమ్మ గారి దొడ్డి. ఈ నాలుగు హద్దుల మధ్య గల యావత్తు స్థలం.

నాకు భలే ముచ్చటేసింది. అంత చిన్న స్థలం చుట్టూ ఎంతమంది మనుషులో! భార్గవకు ముచ్చటేయలేదు. అతను నిదానంగా, "సూరమ్మంటే మా నాన్న వాళ్ల నాయనమ్మ," అన్నాడు.

సబ్ రిజిస్ట్రార్ శేషశయనం గారు మా కాగితాలను రెండు వేళ్లతో ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి, దించారు.

"పత్రముల పరంగా ఏకీభావం అద్భుతముగా ఉన్నది. ఇట్టి గొలుసు నా సర్వీసులో చూడలేదు. ఇక సదరు హద్దులు క్షేత్రమందు యథాతథముగా ఉన్నవా, లేవా?"

"గేదె లేదండి," అన్నాడు భార్గవ. "ఇప్పుడక్కడ బ్యూటీ పార్లర్ ఉంది. ఇప్పుడున్నవే రాసేయొచ్చు కదండీ?"

"రాయవచ్చును. దానిని హద్దు మార్పు అందురు. ఫైలు పైకి పోవును. నిరుడు పోయిన ఫైళ్లు ఇంకనూ పైకి పోవుచునే ఉన్నవి." ఆయన మావైపు జాలిగా చూశారు. "చూడు బాబూ, నేల అబద్ధమాడుతుంది. ఏటికేడాది మారుతుంది. కాగితం మారదు. తేడా వచ్చినపుడు సరిదిద్దవలసినది ఏది?"

"కాగితం," అన్నాను నేను.

"నేలమ్మా," అన్నారు ఆయన. "సోమవారం తనిఖీకి వస్తాను."

మాకు నాలుగు రోజులు దొరికాయి. ముందు గేదె పని పట్టాం. పక్క ఊరినుంచి గౌరి అనే పాడిగేదెను పది రోజులకు తోలుకొచ్చాం. పార్లర్ మెట్ల ముందు గుంజ పాతి కట్టేశాం. పార్లర్ నడిపే అమ్మాయి మొదట గొడవ చేసింది కానీ, గేదెను చూడ్డానికి వచ్చినవాళ్లు కనుబొమలు చేయించుకుని వెళ్తుండటంతో మర్నాటినుంచి తనే గడ్డి వేసింది.

సోమవారం శేషశయనం గారు గొడుగు, చెక్క అట్ట, పెన్సిలు పట్టుకుని వచ్చారు. గేదె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"గేదె ఉన్నది. కానీ ఇది చిట్టబ్బాయి గేదెయేనా? మూలపత్రమందలి గేదెకు దీనికి గల సంబంధమేమి?"

"తొంభై ఏళ్ల కిందటి గేదె కదండీ!"

"అందుచేతనే వారసత్వ ధ్రువపత్రం కావలెను."

భార్గవ పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన మంచివాడు. ఈ ప్రాంతపు గేదెలన్నీ ఎక్కడో ఒకచోట చుట్టాలేనని రాసి ముద్ర కొట్టిచ్చారు.

దక్షిణపు హద్దు నా వంతు. ఇప్పుడది సిమెంటు రోడ్డు, నీళ్లు ఇంట్లో కుళాయికే వస్తాయి. అయినా నేను అత్తయ్య ఇత్తడి బిందె చంకనెత్తుకుని ఆ రోడ్డమ్మట నడిచాను. ఎదురుగా అరుగుమీద భార్గవ నిలబడి, అంతకుముందు బిందెను గానీ భార్యను గానీ చూడనట్టు చూస్తున్నాడు. ఆ చూపుకి నేను చివరిదాకా వెళ్లి, నిండు బిందెతో వెనక్కి వచ్చి, కావాలనే కొంచెం ఒలికించాను.

"తిరిగి వచ్చుట లెక్కలోకి రాదు," అన్నారు శేషశయనం గారు పెన్సిలు ఎత్తి. "పత్రంలో పోవు దారి అని మాత్రమే ఉన్నది. మరల పొండి."

మరల పోయాను. మొత్తం ఏడుసార్లు. నాకేం కష్టమనిపించలేదు.

ఉత్తరాన ఉన్నది రత్నం గారికీ కనకదుర్గ గారికీ మధ్య గోడ. వాళ్లిద్దరూ ఆ గోడకు మధ్యలో రెండు ఇటుకలు తీయించి, అందులోంచి కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకునేంత స్నేహితులు. మా అవసరం చెబితే సరదాపడి ఒప్పుకున్నారు. ఇటుకలు పెట్టేసి, కొంగులు బిగించి నిలబడ్డారు.

"గోడ నాదే," అన్నారు రత్నం గారు.

"కాదు, నాదే," అన్నారు కనకదుర్గ గారు, నవ్వు ఆపుకోలేక.

శేషశయనం గారు తల అడ్డంగా ఊపారు. "తగవునందు తీవ్రత లోపించినది. ఇది సంభాషణ."

"ఇంకేం అనమంటారండి? మంచి మనిషి, ఏమని తిడతాను?" అని రత్నం గారు కాసేపు ఆలోచించారు. "ఆ... గిన్నెలో గోంగూర పంపిత్తాను. కడక్కుండా తిరిగిస్తాది నా గిన్నె. అదొక్కటే."

కనకదుర్గ గారి నవ్వు ఆగిపోయింది. "ఎవరే కడక్కుండా ఇచ్చింది? నీ గోంగూరలో ఇసక ఏరుకోలేక చచ్చి, గిన్నె కడిగే ఓపిక లేక ఇచ్చేనే!"

"ఇసకా? నా గోంగూరలో ఇసకా? అయితే ఐదేళ్లనించీ ఎందుకు మింగుతున్నావే?"

శేషశయనం గారు తృప్తిగా టిక్కు పెట్టుకున్నారు. ఆ తగవు ఇది రాస్తున్నప్పటికీ నడుస్తూనే ఉంది. ఆ రెండు ఇటుకలకూ సిమెంటు పూశారు.

ఇక పడమర. అంటే మా ఇల్లే. శేషశయనం గారు మా వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అత్తయ్య మజ్జిగ ఇచ్చారు. మావయ్య సుబ్బారాయుడు గారు కాలవల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైనవారు కాబట్టి, అధికారి అన్నాక చొక్కా తొడుక్కుని నిలబడ్డారు.

"సూరమ్మ గారు ఎక్కడ?" అన్నారు శేషశయనం గారు.

"మా నాయనమ్మండి. డెబ్బై ఒకటిలో పోయిందండి."

"అలిగి పుట్టింటికి పోయినట్టు ఉన్నదే?"

"అప్పుడు పదిహేను రోజులకే వచ్చేసిందంటండి. ఆ పదిహేను రోజుల్లోనే పత్రం రాసేరు కాబోలు."

"కాగితం ప్రకారం ఆమె తొంభై ఏళ్లుగా పుట్టింటనే ఉన్నారు. ఆమె దొడ్డి మీకు సంక్రమించినది కదా? దొడ్డి సంక్రమించినపుడు దొడ్డి తాలూకు స్థితిగతులు కూడా సంక్రమించును. కాబట్టి ఈ గృహమందలి ఒక ఇల్లాలు అలిగి పుట్టింట ఉండవలెను." ఆయన మజ్జిగ పూర్తిచేసి నావైపు తిరిగారు. "మీరు కొత్త కోడలు కదా. ఎట్లాగునూ ఆషాఢమునకు పోయెదరు."

"అది ఆచారమండీ, అలక కాదు," అన్నాను.

ఆయన ఆలోచనలో పడ్డారు. "నిజమే. ఆచారం వేరు, అలక వేరు. పైగా మీరు కొనుగోలుదారు, వేలిముద్రకు స్వయముగా రావలెను. మీరు పనికిరారు."

అత్తయ్య ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆవిడ చూపు శేషశయనం గారి అట్టమీదున్న మూలపత్రం నకలు మీద ఉంది.

"ఏవండీ," అన్నారు మావయ్యతో. "ఈ ఇంట్లో అలగొచ్చా?"

"ఏంటి?"

"అలిగి పుట్టింటికి పోవచ్చా ఈ ఇంట్లోంచి? మీ నాయనమ్మ గారు పోయేరంట కదా! ముప్పై ఒక్కేళ్లయింది నేనొచ్చి. ఒక్కళ్లు చెప్పలేదేం నాకు?"

"ఊరుకో తాయారూ, ఆఫీసరు గారున్నారు—"

"ఊరుకునే కదండీ ఉన్నాను," అని అత్తయ్య గ్లాసు కిందపెట్టి లోపలికి వెళ్లారు. ట్రంకుపెట్టె గొళ్లెం చప్పుడైంది. "నేనెళ్తాను! రాసుకోండి బాబూ."

రాసుకోవడం అంత తేలిక కాదు. అలకకు ఒక నమూనా ఉంది, ఏడు-బి. అందులో అలిగినవారి పేరు, అలకకు బాధ్యులైనవారి పేరు, అలకకు గల కారణాలు అని ఉన్నాయి. కారణాలకు రెండు గీతలు ఇచ్చారు. అత్తయ్య పేర్రాజు దగ్గర విడి కాగితాలు తీసుకుని, మా వంటింట్లో పీటమీద కూర్చుని, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా రాశారు. మధ్యలో ఒకసారి లేచి పప్పు దించి, మళ్లీ కూర్చున్నారు. పదకొండు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు.

చివరి పేజీ కింద బాధ్యుడి సంతకం కావాలి. "పై కారణములు చదివించుకొని విని, సరిగా ఉన్నవని ఒప్పుకొని చేసిన సంతకం" అని అచ్చేసి ఉంది. మావయ్య ముప్పై ఏళ్లు ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి. కాగితం చదవకుండా, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశారు.

భార్గవ వాళ్లమ్మను రాజోలులో మేనమామ ఇంట్లో దింపి వచ్చాడు. దారంతా అమ్మ బస్సు కిటికీ పక్కన కూర్చుని, వేరుశనక్కాయలు తింటూ, కాలవలు లెక్కపెట్టిందని చెప్పాడు. వాళ్లమ్మ కిటికీ పక్కన కూర్చోవడం తను పుట్టాక ఇదే మొదటిసారి చూడటమట. ఎప్పుడూ అక్కడ నాన్న కూర్చుంటాడట.

అక్కడి రెవెన్యూ అధికారి విచారణ జరిపి ధ్రువపత్రం పంపాడు. 'సదరు మంగతాయారు గారిని కాఫీ తాగమని మూడుసార్లు కోరగా నిరాకరించినారు. నాలుగవసారి తాగినారు. అలక నిజమైనదిగా నిర్ధారించడమైనది.'

ఆషాఢానికి ముందు మిగిలిన ఆఖరి శుక్రవారం నాడు నేనూ భార్గవా పక్కపక్కన నిలబడి వేలిముద్రలు వేశాం. మొదటిసారి నా వేలు యంత్రానికి అందలేదు. భార్గవ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. అందరిముందూ అలా చెయ్యి పట్టుకోవడం పీటలమీద తర్వాత మళ్లీ అప్పుడే. శేషశయనం గారు లేచి, "ఈ జిల్లాలో సంపూర్ణ ఏకీభావం సాధించిన ప్రప్రథమ ఆస్తి మీదే," అని మా ఇద్దరికీ నమస్కారం పెట్టారు. పేర్రాజు కొత్త పత్రంలో కూడా హద్దులు అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాశాడు.

ఆ రోజే గడపకు పసుపు రాసి, గౌరి పాలతోనే పాలు పొంగించాం. పాలు పొంగుతుండగా, అత్తయ్య పుట్టింట్లో ఉన్నారు కాబట్టి పాత గడపకు కూడా దోషం లేదని భార్గవకు తట్టింది. ఎవరికీ చెప్పొద్దన్నాను.

మొదటి రెండు రోజులు మావయ్య భోజనానికి మా ఇంటికి వచ్చారు. నా చారు బాగుందని అన్నారు. మూడో రోజు ఏమీ అనలేదు. నాలుగో రోజు కంచం ముందు కూర్చుని, "మీ అత్తయ్య ఎప్పుడొస్తానంది?" అన్నారు.

ఫోన్ చేశాను. అవతల పిల్లల కేకలు, ఎవరో అత్తయ్యను అష్టాచెమ్మకు పిలుస్తున్నారు.

"నేనొచ్చేస్తే మీ పడమటి హద్దు చెడిపోద్ది కదే!" అన్నారు అత్తయ్య హాయిగా. "ఆ శేషశయనం గారిని అడగమను మీ మావయ్యని. ఉంటాను, నా పందెం వచ్చింది."

మావయ్య చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్లారు. భార్గవకు కాలేజీలో పాఠాలు చెప్పాల్సి ఉండటంతో తోడు నేను వెళ్లాను.

"అలక విరమణ అనునది హద్దు మార్పు కిందకు వచ్చును," అన్నారు శేషశయనం గారు. "దరఖాస్తు చేయవచ్చును. దానికి కారణముల జాబితా నకలు జతపరచవలెను."

"జిరాక్సు తీయించి ఇస్తానండి."

"జిరాక్సు చెల్లదు. అలకకు బాధ్యుడు స్వహస్తముతో ఎత్తి రాయవలెను."

ఆ మధ్యాహ్నం మావయ్య మా వంటింట్లో, కిటికీ వెలుతురు పడేచోట, ఆఫీసులో అడిగి తెచ్చుకున్న ఆ పదకొండు పేజీలూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను గోరుచిక్కుళ్లు తుంపుతున్నాను. గుమాస్తా చెయ్యి కదా, కలం చకచకా నడిచింది. మొదటి పేజీ మధ్యకొచ్చేసరికి ఆగింది.

కళ్లజోడు తీసి పంచెతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మాయ్, ఇది చూడు. ఇలా ఉందేంటి?"

వంగి చూశాను. మొదటి కారణం. 'పెళ్లయిన ఏడు ఆషాఢమాసం ముప్పై రోజులూ నేను పుట్టింట ఉండగా వీరు ఒక్క కార్డు ముక్క రాయలేదు. రోజూ పోస్టుమేన్ వచ్చేవేళకు నేను వీధిగుమ్మంలో నిలబడేదాన్ని. మా వదిన నవ్వేది.'

పన్నెండు రోజులు ముందే 'బట్టలు సర్దుకుంటావా' అని అడిగి, నేను గడప మాటెత్తగానే నవ్వు దాచుకున్న అత్తయ్య మొహం గుర్తొచ్చింది.

"రాయలేదా మావయ్యా?"

"ఏం రాయాలో తెలీలేదే. నెలేగా, వచ్చేస్తుంది కదా అనుకున్నాను." కాసేపు కలం మూత పెట్టీ తీసీ కూర్చున్నారు. "ఇందులో కొంచెం తగ్గించి రాస్తే?"

"అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాయాలి మావయ్యా," అన్నాను.

రాశారు. అన్ని పేజీలూ. మూడు రోజులు పట్టింది. నాలుగో పేజీ దగ్గర మంచినీళ్లు అడిగారు. ఎనిమిదో పేజీ దగ్గర లేచి పెరట్లోకి పోయి, అత్తయ్య బట్టలారేసే తాడు కింద చాలాసేపు నిలబడ్డారు. అయిపోయాక ఆ నకలు ఆఫీసుకు తీసుకెళ్లలేదు.

"అమ్మాయ్, పోస్టు కార్డులు ఇప్పుడు అమ్ముతున్నారా?" అన్నారు.

అమ్ముతున్నారు. నేనే తెచ్చాను, రెండు. ఒకటి పాడవుతుందని తెలుసు. పాడైన దానిమీద 'సదరు శ్రీమతి మంగతాయారు గారికి విన్నవించుకొనునది యేమనగా' అని మాత్రమే ఉంది. రెండోది రాయడానికి ఆయనకు ఒక పూట పట్టింది. డబ్బాలో వేయమని నా చేతికిచ్చారు. నేను చదవలేదనుకుంటే అది వారి పొరపాటు.

'తూర్పు: కోడలి ఇల్లు. దక్షిణం: రోడ్డు. పడమర: కాలవ. ఉత్తరం: ఇక్కడికి కూడా వినబడుతున్న తగవు. ఈ నాలుగు హద్దుల మధ్య గల యావత్తు ఇంటిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఈసారి బస్సులో కిటికీ పక్కన నువ్వే కూర్చో.'